గుట్ట పార్కు చేతులు మారిన ఏడాది

గుట్ట పార్కును అటవీ శాఖకు అప్పజెప్పేస్తున్నారన్న సంగతి జగదాంబకు మొదట చెప్పింది రాజమ్మ. పార్కు ఊడ్చి, మొక్కలకు నీళ్ళు పట్టే మనిషి ఆమె. యూసుఫ్‌గూడ నుంచి రోజూ నడిచి వస్తుంది. ఆ పొద్దున చీపురు పక్కన పెట్టి బండ మీద కూర్చుంది.

"గీ పార్కు ఇగ మా ఆఫీసుది కాదంటనమ్మా. జంగ్లాతోళ్ళకు ఇస్తరంట. నిన్న సార్లు జీపుల వచ్చి కొలతలు పట్టిన్రు. బండల మీద ఎర్రగీతలు గీసిన్రు, చూడు."

"అడవి వాళ్ళకా? వాళ్ళకెందుకే ఈ పార్కు?"

"మాకేం చెప్తరమ్మా. మా ఆఫీసు వెంకటనర్సయ్య సారు కాయితాలు పట్టుకొని గుట్టంత తిరిగిండు. ఎందుకు సారూ అంటే మాట దాటేసిండు."

మాట దాటేశాడన్న ముక్క జగదాంబ మనసులో ముల్లులా దిగింది.

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు సర్దుకుంటున్న రోజుల్లో ఆమె, సౌండ్ రికార్డిస్టుగా పనిచేసే ఆమె భర్త, ఫిల్మ్ నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో ఆయన ఎక్కువ కాలం ఉండలేదు. గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. జగదాంబ డబ్బింగ్ చెబుతుంది. తెర మీద తల్లులకు, వదినలకు, గయ్యాళి అత్తలకు గొంతు అరువిస్తుంది. రైల్లో ఆమె నోరు విప్పితే పక్కవాళ్ళు తిరిగి చూస్తారు, ఎక్కడ విన్నామా అని. గొంతులతో బతుకుతున్నది కాబట్టి గొంతును బట్టి మనిషిని చెప్పగలనన్న నమ్మకం ఆమెకు. అబద్ధం ఆడేవాడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గుటక మింగుతాడో ఆమె ఎన్నో ఏళ్ళు నటించింది.

పొద్దున్నే ఆమె నడిచేది ఆ పార్కులోనే. ఫిల్మ్ నగర్ వెనకనుంచి జూబ్లీ హిల్స్ బంగళాల వైపు దిగే వాలు అది. కింద చదునైన నేల, సిమెంటు బెంచీలు, పిల్లల జారుడుబల్ల. పైన గుండ్రటి రాళ్ళ గుట్ట, సీతాఫలం పొదలు, వేపచెట్లు. వానాకాలంలో నెమళ్ళు అరుస్తాయి. దాన్ని నగర ఉద్యానాల సంస్థ చూస్తోంది. చూస్తోందంటే, రాజమ్మకు జీతం ఇస్తోంది, అంతే. కాలనీ పుట్టినప్పటినుంచీ అది పార్కుగానే ఉంది కాబట్టి ఎప్పటికీ అలాగే ఉంటుందని అందరూ అనుకున్నారు.

ఆ ఆదివారం కాలనీ సంఘం అధ్యక్షుడు కాశీవిశ్వనాథం ఇంట్లో మీటింగు పెట్టారు. ఆయన బెజవాడలో సినిమాలు పంపిణీ చేసి సంపాదించి ఇక్కడికి వచ్చినవాడు. పెద్ద హాలు, చల్లటి మజ్జిగ, మెత్తటి మాట. ఎదుటివాణ్ణి పూర్తిగా మాట్లాడనిచ్చి, ఆ మాటనే ఇంకాస్త అందంగా తిరిగి చెబుతాడు. ఆ గొంతుకు అసలు డబ్బింగే అక్కర్లేదని జగదాంబ ఎన్నోసార్లు అనుకుంది.

"ఒక్కసారి ఆలోచించండి," అన్నాడాయన. "అటవీ శాఖ వాళ్ళకి జిల్లాలకి జిల్లాలు అడవులున్నాయి. ఊరి మధ్యలో ఈ రాళ్ళగుట్ట ఎందుకండీ వాళ్ళకి? ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మార్చేది, మధ్యలో ఎవరి చేతిలోనో పెట్టడానికే. రేపు ఏ స్టూడియో వాడో వచ్చి కంచె కడితే మనం ఎవర్ని అడగాలి? పార్కుల వాళ్ళని అడిగితే మాది కాదంటారు. అడవి వాళ్ళని అడిగితే మాకింకా అందలేదంటారు."

హాల్లో తలలు ఊగాయి. ఒకాయన, వెంకటనర్సయ్య ఈమధ్య కొత్త స్కూటరు కొన్నాడట అన్నాడు. ఇంకొకరు, ఎవరో నిర్మాత కారులో కనిపించాడట అన్నారు. ఎవరు చూశారని ఎవరూ అడగలేదు. చివరికి, ముందుగా ఆ ఆఫీసరును కలిసి కనుక్కోవలసింది జగదాంబగారే అని తేల్చారు. ఆమె అడిగితే మనిషి నిజం చెప్పక తప్పదని కాశీవిశ్వనాథం నవ్వుతూ అంటే, ఆమెకు లోపల సంతోషమైంది.

ఉద్యానాల సంస్థ ఆఫీసు బంజారా హిల్స్‌లో ఒక పాత బంగళా. వెంకటనర్సయ్య బల్ల వరండాలోనే, చైర్మన్ గది తలుపు పక్కనే ఉంది. నలభై దాటిన నల్లటి సన్నటి మనిషి. ఆమెను చూసి లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"గుట్ట పార్కు సంగతి అడుగుదామని వచ్చానండీ. ఎందుకు ఇచ్చేస్తున్నారు?"

"అది... ప్రపోజల్ స్టేజీల ఉంది మేడం. మంచికే."

"ఎవరి మంచికి?"

అతను చైర్మన్ గది తలుపు వైపు చూశాడు. లోపల ఎవరో నవ్వుతున్నారు. "పార్కు మంచికే మేడం. ఫారెస్టు వాళ్ళైతే... జర కాపాడుతరు."

"ఇప్పుడు మీరు కాపాడడం లేదా?"

"అట్ల కాదు."

"మరెట్లా?"

అతను కాగితం మీది గుండుసూదిని అటూ ఇటూ జరిపాడు. గుటక మింగాడు. "మీకు... తర్వాత తెలుస్తది మేడం. ఇప్పుడు నేనేం చెప్పలేను."

ఆమె లేచి వచ్చేసింది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ తడబాటే చెవిలో తిరిగింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకుంది. తెర మీద ఇలా ఆగి ఆగి మాట్లాడేవాడు చివరి రీలులో ఎప్పుడూ దొరికిపోతాడు.

"తప్పు చేస్తున్నాడండీ, సందేహం లేదు," అని కాశీవిశ్వనాథానికి ఫోన్లో చెప్పింది.

"మీరు చెప్పారంటే ఇక అంతే," అన్నాడాయన.

ప్రజల అభ్యంతరాలు వినడానికి అదే ఆఫీసులో మీటింగు పెట్టారు. చైర్మన్ మధ్యలో కూర్చున్నాడు. పక్కన వెంకటనర్సయ్య ఫైళ్ళతో నిలబడ్డాడు. కాలనీ తరఫున జగదాంబ మాట్లాడింది. కాగితం చూడలేదు. పిల్లలు ఆడుకునే చోటు, ముసలివాళ్ళు కూర్చునే చోటు చాటుమాటుగా చేతులు మారుతోందని, కారణం అడిగితే అధికారి నోరు పెగలలేదని, నోరు పెగలని చోట ఏదో పుచ్చుకునే ఉంటారని అంది. ఆ ఒక్క మాట దగ్గర గొంతు తగ్గించింది. హాలంతా చప్పట్లు.

వెంకటనర్సయ్య తలెత్తి ఆమెను చూశాడు. ఏదో అనబోయాడు. చైర్మన్, "మీరేం మాట్లాడకండి," అన్నాడు. అతను ఫైళ్ళలోకి తల వంచాడు.

కొద్దిరోజులకే బదలాయింపు ఆగిపోయింది. వెంకటనర్సయ్యను ఎక్కడో ఊరి బయట నర్సరీకి పంపించేశారని, అతని మీద విచారణ కూడా పెట్టారని తెలిసింది. కాలనీలో లడ్డూలు పంచారు. జగదాంబకు శాలువా కప్పారు.

వానలు వచ్చి పోయాయి. ఒక పొద్దున పార్కుకు వెళితే రాజమ్మ కనిపించలేదు. మర్నాడూ లేదు. మూడో రోజు ఆమె గేటు బయట, రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"లోపలికి రావేం?"

"నన్ను తీసేసిన్రమ్మా. ఇగ కాలనీవోళ్ళే చూసుకుంటరంట. క్లబ్బు కడుతున్నరంట గద."

"ఏం క్లబ్బు?"

"నీకు తెల్వదా?" రాజమ్మ ఆమె ముఖంలోకి అనుమానంగా చూసింది. "మీరందరు కలిసే చేసిన్రనుకున్న."

ఆ ఆదివారం మీటింగులో కాశీవిశ్వనాథం ఆ సంగతి దాచలేదు. దాచవలసిందేదో ఉన్నట్టు కూడా ఆయన అనుకోలేదు. శుభవార్త అన్నాడు. పార్కు ఇలా దిక్కులేకుండా ఉంటే మళ్ళీ ఎవరి కన్నయినా పడుతుందని, అందుకే సంస్థ చైర్మన్‌తో మాట్లాడి కింది చదును నేలను కాలనీ సంఘానికే లీజుకు తీసుకున్నామని చెప్పాడు. టెన్నిసు, ఈతకొలను, పెళ్ళిళ్ళకు హాలు. పైన గుట్ట మీద మెల్లగా అతిథి గృహాలు. సభ్యులకు మాత్రమే ప్రవేశం.

జనం చప్పట్లు కొట్టారు. జగదాంబ నిలబడింది.

"పార్కు కాపాడదామని కదండీ మనం అంత గొడవ చేశాం?"

"కాపాడాం కదమ్మా. బయటవాడి చేతిలో పడకుండా మన చేతిలోనే ఉంది. ఇంతకంటే ఏం కావాలి?" అదే మెత్తటి గొంతు. ఎక్కడా ఆగలేదు, గుటక మింగలేదు. "మీ పేరు జీవిత సభ్యుల్లో మొదట రాయించాను. ఈ పార్కు మనకి దక్కిందే మీ మాట వల్ల."

ఆమె కూర్చుండిపోయింది. పక్కనున్నావిడ అభినందిస్తూ చెయ్యి నొక్కింది.

ఆ వారమంతా ఆమెకు పని సాగలేదు. డబ్బింగ్ థియేటరులో చీకట్లో నిలబడి, తెర మీద పెదవులు కదులుతుంటే మాట అందుకోలేక రెండుసార్లు ఆపమంది. కాశీవిశ్వనాథం మొదటినుంచీ ఇదే అనుకున్నాడా? లేక అవకాశం వచ్చాక అనుకున్నాడా? మజ్జిగ ఇచ్చిన రోజునే అనుకున్నాడా? మరి ఆ వెంకటనర్సయ్య? అతనికీ వేరే లాభం ఏదో ఉండి ఉంటుందా? ఎవరినీ నమ్మబుద్ధి కాలేదు. చివరికి రాజమ్మను అడిగి నర్సరీ ఎక్కడో తెలుసుకుని, రెండు బస్సులు మారి వెళ్ళింది.

మట్టిరోడ్డు చివర, తాటాకు పందిళ్ళ కింద మొక్కల సంచుల వరసలు. వెంకటనర్సయ్య లుంగీ మడిచి కట్టుకుని, ఇద్దరు కూలీలతో ఎరువు కలుపుతున్నాడు. ఆమెను చూసి చేతులు కడుక్కోలేదు. కుర్చీ చూపించలేదు.

"ఇక్కడ గూడ ఏమన్న తప్పు దొరికిందా మేడం?"

"కాదండీ. ఒక్క మాట అడుగుదామని వచ్చాను."

"అప్పుడూ ఒక్క మాటనే అడిగిన్రు."

ఆమె ఆ మాట భరించి నిలబడింది. పార్కులో క్లబ్బు సంగతి చెప్పింది. అతను వినలేదన్నట్టు పార తీసుకున్నాడు. కాసేపటికి దాన్ని నేలకు గుచ్చి ఆపాడు.

"మీరెవరి తరఫున వచ్చిన్రు? ఆయన పంపిండా?"

"ఎవరూ పంపలేదు."

"నాకెట్ల తెలుస్తది?"

ఆమె ఎండలో అలాగే నిలబడింది. కూలీలు పని ఆపి చూస్తున్నారు. వెంకటనర్సయ్య వాళ్ళను పొమ్మని సైగ చేసి, చెట్టు నీడకు నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది.

"మా సంస్థ రూలు గిట్లుంటది మేడం. పార్కులు మావి. చైర్మన్ సారు ఇష్టపడితే లీజుకిచ్చుకోవచ్చు. ఇంతకు ముందు రెండు పార్కులు గట్లనే పోయినయి. ఫారెస్టు చేతికి పోయిందంటే మాత్రం గాడ ఎవ్వడు ఏం కట్టలేడు. ఢిల్లీ దాకా పోవాల్సొస్తది. గందుకే నేను ప్రపోజల్ పెట్టిన. పైవాళ్ళు ఏదో కాయితం అనుకొని సంతకాలు చేసిన్రు. చైర్మన్‌కు సంగతి అర్థమయ్యే లోపల పని అయిపోవాలె."

"ఆ మాట నాకు అప్పుడే చెప్పచ్చు కదండీ?"

అతను మొదటిసారి గొంతు పెంచాడు. "ఎక్కడ చెప్పాలె? ఆయన తలుపు పక్కన కూసోని చెప్పాల్నా? ఆయన పక్కన నిలబడి చెప్పాల్నా? లోపల మీ కాశీవిశ్వనాథం కూసోని ఛాయ్ తాగుతుంటే చెప్పాల్నా?"

జగదాంబకు ఆ రోజు తలుపు వెనక వినిపించిన నవ్వు గుర్తొచ్చింది. ఎన్నోసార్లు విన్న నవ్వే అది. ఆ రోజు పట్టుకోలేకపోయింది. ఎదురుగా ఉన్న మనిషి తడబాటునే వింటూ కూర్చుంది.

"నేను మీ మీద నిందేశాను," అంది. "ఏమైనా పుచ్చుకున్నారో లేదో తెలియకుండానే."

"నా బిడ్డ కాలేజీల గూడ అడిగిన్రు మేడం. మీ నాయిన లంచం తిన్నడంట గద అని." అతను అటు తిరిగాడు. "మీ గొంతు గట్టిది. నేను మాట్లాడినా ఎవ్వరు వినకపోదురు."

ఆమె క్షమించమని అడగలేదు. అడిగితే అతను ఊ అనవలసి వస్తుంది. అది కూడా అతని దగ్గర లాక్కున్నట్టే అవుతుందనిపించింది. "ఇప్పుడేం చెయ్యచ్చో చెప్పండి," అంది.

అతను చెప్పాడు. ఆమె మీద నమ్మకం కుదిరి కాదు, గుట్ట గుర్తొచ్చి చెప్పాడనిపించింది. బదలాయింపు ఆగింది కాలనీ అభ్యంతరం వల్ల. ఆ అభ్యంతరం తప్పని, తనకు నిజం తెలియక చెప్పానని, అది చెప్పిన మనిషే హైకోర్టులో చెబితే లీజు మీద స్టే రావచ్చు. "కానీ మీ ఇంటి చుట్టూ ఉన్నోళ్ళంత మీకు దుష్మన్లయితరు," అన్నాడు.

అయ్యారు. ఆమె కేసు వేసిన వారం నుంచి ఎదురింటివాళ్ళు పలకరించడం మానేశారు. ఆమెకు స్టూడియో వాళ్ళ దగ్గర్నుంచి ఏదో ముట్టిందట అన్న మాట పాల బూత్ దాకా వెళ్ళి తిరిగి ఆమె చెవికే వచ్చింది. ఒకప్పుడు వెంకటనర్సయ్య గురించి విన్న మాటలే, పేరు మారి. డబ్బింగ్‌కు రమ్మని వచ్చే ఫోన్లు తగ్గాయి. ఒక పెద్ద సినిమాలో తల్లి పాత్రకు ఆమెను అనుకుని, చివరికి మద్రాసు నుంచి వేరే ఆవిడను పిలిపించారు. కాశీవిశ్వనాథం చెప్పి చేయించాడో, మామూలుగానే జరిగిందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. ఆయన మాత్రం దారిలో కనిపిస్తే కారు ఆపి, "ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడు.

కోర్టులో ఆమెను నిలబెట్టి సంఘం లాయరు అడిగాడు: "అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?"

"అప్పుడు నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడాను," అంది జగదాంబ. గొంతు వణికింది. సర్దుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు.

కేసు విచారణకు ఏళ్ళు పట్టింది. స్టే వచ్చేలోగా కింది నేలలో పునాదులు లేచాయి, హాలు సగం పైకి వచ్చింది. చివరకు ప్రభుత్వం మధ్యేమార్గం పట్టింది. కట్టడం మొదలైన చదును నేల సంఘానికి ఉండిపోయింది. పైన గుట్ట మొత్తం ఉద్యానాల సంస్థ నుంచి అటవీ శాఖకు వెళ్ళింది. పిల్లల జారుడుబల్ల ఉన్న చోట ఈతకొలను వచ్చింది. ఇది గెలుపో ఓటమో అడిగినవాళ్ళకు జగదాంబ చెప్పలేకపోయింది.

గుట్టను అప్పగించిన రోజు సభ లాంటిదేమీ జరగలేదు. రెండు జీపులు వచ్చాయి. ఆ ఆఫీసు మనిషి, ఈ ఆఫీసు మనిషి బండ మీద నకళ్ళు పరిచి, గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టి సంతకాలు చేశారు. జగదాంబ పక్కనే నిలబడి, వాళ్ళు విసుక్కుంటున్నా ప్రతి పేజీ చదివింది. లీజు అన్న మాట ఎక్కడైనా దాక్కుని ఉందేమోనని రెండోసారి కూడా చూసింది. అటవీ శాఖ రేంజరు నవ్వి, "మేం కట్టడానికి రాలేదమ్మా," అన్నాడు. ఆమె నవ్వలేదు. నకలు ఒకటి ఇవ్వమంది.

వెంకటనర్సయ్య కూడా వచ్చాడు. ఆఫీసు విచారణలో అతని మీద ఏమీ తేలలేదు గాని పాత ఉద్యోగం తిరిగి రాలేదు, నర్సరీలోనే ఉన్నాడు. ఆ రోజు వేప మొక్కల బండితో వచ్చి, దూరంగా కూలీల చేత దింపిస్తున్నాడు. జగదాంబ దగ్గరికి వెళ్ళింది.

"మీ అమ్మాయి బాగుందా?"

"మంచిగుంది. సూర్యాపేటల టీచరయింది."

అతను ఒక మొక్క సంచి చేతిలోకి తీసుకుని వేళ్ళ దగ్గర మట్టి తడిమి చూశాడు.

"రాజమ్మను మళ్ళ పెట్టుకుంటరా అని అడుగున్రి మేడం," అన్నాడు. "రేంజరు కొత్తోడు. మీరు జర గట్టిగ చెప్తే వింటడు."

ఆమె రేంజరు వైపు నడిచింది.